పెన్నేరు గడ్డ వేరుకు శిలీంద్రం తోడు: ఎర్రనేలలో ఔషధ మొక్కలు పెంచే పద్ధతి

ఫిబ్రవరిలో పెన్నేరు గడ్డ తవ్వే రోజున ఒక మొక్క చుట్టూ గడ్డపారతో మట్టి వదులు చేసి, దాన్ని మెల్లగా పైకి తీయండి. గుంజి లాగవద్దు. చిటికెనవేలు లావున ఉన్న తల్లి వేరును కాసేపు వదిలేసి, దాని నుంచి దారాల్లా దిగిన పిల్ల వేర్లను చూడండి. నేల ఆరోగ్యంగా ఉంటే ఆ పిల్ల వేర్లు మట్టిని పట్టుకొని వస్తాయి. దులిపినా చిన్న చిన్న ముద్దలుగా వేలాడుతూనే ఉంటాయి. ఏళ్ళ తరబడి డీఏపీ (భాస్వరం ఎక్కువున్న రసాయన ఎరువు) వేసిన చేలో అదే మొక్కను తీస్తే వేరు కడిగినట్టు బయటికి వస్తుంది, మట్టి పొడిపొడిగా రాలిపోతుంది. ఉదయగిరి, పామూరు మధ్య మెట్టలో పక్కపక్కనే ఉన్న రెండు చెక్కల్లో నేను ఈ తేడా చూశాను. రెండూ ఒకే ఎర్ర గరప నేల, రెండింటికీ ఒకే బోరు నీరు. మట్టిని పట్టుకున్న వేరు ఉన్న చెక్కలోనే గడ్డ లావుగా ఊరింది.

ఆ మట్టిని పట్టి ఉంచిన వాటిలో వేరుతో పాటు కంటికి కనిపించని శిలీంద్రపు పోగులు కూడా ఉన్నాయి. వాటిని చేలోకి ఎలా తేవాలి, తెచ్చాక చంపకుండా ఎలా కాపాడుకోవాలి అన్నదే ఇక్కడ చెప్పబోతున్నాను. ప్రధానంగా అశ్వగంధ గురించి రాస్తాను. దాన్నే మన వైపు పెన్నేరు గడ్డ అంటారు. నెల్లూరు వాళ్ళకు పెన్నేరు అనగానే ముందు నది గుర్తుకు వస్తుంది, కానీ ఈ మొక్కకు నదీ తీరం కన్నా నీరు నిలవని మెట్టే ఇష్టం. నేలవేము, తులసి పెంచేవారికి కూడా ఇదే పద్ధతి చాలావరకు పనికొస్తుంది.

ముందు రెండు శిలీంద్రాలను విడివిడిగా గుర్తుపెట్టుకోండి

దుకాణంలో రెండు పొట్లాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ట్రైకోడెర్మా విరిడి. రెండోది వ్యామ్, అంటే మైకోరైజా. రెండూ మేలు చేసే శిలీంద్రాలే అయినా వాటి బతుకు తీరు వేరు. ఈ తేడా తెలియకపోతే రెండు పొట్లాల డబ్బూ వృథా అవుతుంది.

ట్రైకోడెర్మా చివికిన ఎరువు మీద, రాలిన ఆకుల మీద బతకగలదు. దానికి మొక్క తప్పనిసరి కాదు. మట్టిలో వేరు కుళ్ళు, నారు కుళ్ళు, ఎండు తెగులు తెచ్చే శిలీంద్రాలను చుట్టుకొని వాటినే తింటుంది, వాటికి చోటు దక్కకుండా చేస్తుంది. కనుక దీన్ని మన దిబ్బ మీదే పెంచుకోవచ్చు.

మైకోరైజా అలా కాదు. దానికి బతికి ఉన్న వేరు కావాలి. పిల్ల వేరు లోపలికి వెళ్ళి, కణాల్లో చిన్న చెట్టు కొమ్మల్లా విస్తరించి, అక్కడ మొక్క ఇచ్చే చక్కెరను తీసుకుంటుంది. బదులుగా వేరు బయట సన్నటి పోగులు సాగదీసి, వేరు అందుకోలేని దూరం నుంచి భాస్వరాన్ని, జింకును తెచ్చి ఇస్తుంది. మన ఎర్రనేలల్లో భాస్వరం ఉన్నా మట్టికి అతుక్కుపోయి ఉంటుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది తీసుకోగానే అక్కడ ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని దాటి వెళ్ళేది ఈ పోగులే. మైకోరైజా అన్న పేరును 1885లో ఫ్రాంక్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త పెట్టాడు. గ్రీకు భాషలో శిలీంద్రానికి, వేరుకు ఉన్న రెండు మాటలను కలిపి చేసిన పేరు అది. పేరు కొత్తదే గాని స్నేహం పాతది. దాదాపు 40 కోట్ల ఏళ్ళ నాటి మొక్కల శిలాజాల్లో కూడా ఇలాంటి శిలీంద్రం కనిపించింది.

కొందరు వ్యామ్ పొడిని తెచ్చి జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పిండి కలిపి నానబెట్టే ద్రావణం) డ్రమ్ములో కలిపి, రెండు రోజుల్లో వృద్ధి అవుతుందని ఎదురుచూస్తారు. డ్రమ్ములో బెల్లం, పిండి తిని పెరిగేవి ఎక్కువగా బాక్టీరియాలు. అక్కడ పచ్చి వేరు లేదు కనుక మైకోరైజా పెరగదు. చల్లే నీటితో పాటు చేలోకి వెళ్తే వెళ్ళవచ్చు గాని, ఒకటి పది కావడం మాత్రం జరగదు. పచ్చి వేరు ఉన్నచోటే అది ఉంటుంది. కింద నేను చెప్పే ప్రతి పనికీ ఈ ఒక్క విషయమే ఆధారం.

నేల, నీరు, వెనకటి పంట

అశ్వగంధకు ఇసుక పాలు ఉన్న ఎర్రనేల, నీరు దిగిపోయే ఏటవాలు కావాలి. మార్కాపురం, కనిగిరి, పొదిలి, ఉదయగిరి, వింజమూరు మెట్టల్లో అలాంటి నేల దండిగా ఉంది. నల్లరేగడిలో గడ్డ తవ్వడం కష్టం, అక్టోబరు వానలకు కుళ్ళు కూడా ఎక్కువ.

నిరుడు ఆ చేలో ఏమి వేశారో ముందు చూసుకోండి. ప్రకాశం జిల్లాలో ఇది చాలా ముఖ్యం. పొగాకు, మిరప, వంగ, టమాటా, అశ్వగంధ అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. పొగాకు తీసిన చేలో వెంటనే అశ్వగంధ వేస్తే, పొగాకు వేరుకు పట్టిన నులిపురుగులు, తెగుళ్ళు దీనికీ సంక్రమించే ప్రమాదం ఉంది. పొగాకు మల్లె అనే కలుపు మొక్క కనిపించిన చేనైతే అసలు వద్దు. అది కూడా వేరును పట్టుకొని బతికేదే. కానీ తీసుకోవడమే తప్ప తిరిగి ఇచ్చేదేమీ లేదు. జొన్న, సజ్జ, మొక్కజొన్న, కంది తీసిన చేను అన్నిటికన్నా మంచిది. వాటి వేర్లలో మైకోరైజా బాగా కాపురం ఉంటుంది. ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ కుటుంబం మొక్కల వేర్లలో ఈ శిలీంద్రం చేరదు. తోటకూర, పాలకూర కుటుంబంలోనూ దాదాపు అంతే. వాటి వెనక వేస్తే శిలీంద్రం పలుచబడి ఉంటుంది.

మట్టి పరీక్ష చేయించండి. దర్శి, నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రాల వారిని అడిగితే ఎక్కడ చేయించాలో చెబుతారు. నివేదికలో భాస్వరం ఎక్కువ అని వస్తే వ్యామ్ మీద డబ్బు పెట్టవద్దు. భాస్వరం సులభంగా దొరికే చోట మొక్క ఈ శిలీంద్రాన్ని దగ్గరికి రానివ్వదు. తన చక్కెర ఖర్చు చేయాల్సిన అవసరం దానికి ఉండదు. అలాంటి చేలో రెండు మూడేళ్ళు భాస్వరం ఎరువు ఆపి, జొన్నో సజ్జో వేసి తీయడమే సరైన మందు.

నీటిని కూడా పరీక్ష చేయించండి. కనిగిరి వైపు బోర్లలో ఫ్లోరైడు ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసిందే. ఉప్పు శాతం ఎక్కువున్న బోర్లూ ఉన్నాయి. మనం పెంచేది మందుకు వాడే పంట కనుక నీటి విషయంలో ఉపేక్ష పనికిరాదు. కావలి, అల్లూరు వైపు తీరంలో ఉన్నవారు రొయ్యల చెరువు అడుగు మట్టిని ఎరువని తోలించుకోవద్దు. అందులోని ఉప్పు వేరునూ శిలీంద్రాన్నీ రెండింటినీ దెబ్బ తీస్తుంది. మంచినీటి చెరువు పూడిక మట్టి మాత్రం ఇసుక నేలకు వరం.

ఏప్రిల్, మే: మైకోరైజాను ఇంట్లోనే పెంచుకోవడం

చాలామంది దాటేసే పని ఇది. నా మటుకు ఇదే అన్నిటికన్నా విలువైన పని, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఏప్రిల్ మొదటి వారంలో మంచి ఏటి ఇసుక మూడు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు కలపండి. సముద్రపు ఇసుక వద్దు. కలిపిన దాన్ని తడిపి, జానెడు మందాన పరిచి, పైన పారదర్శకమైన పాలిథీన్ పట్టా కప్పి, అంచుల మీద మట్టి వేసి గాలి దూరకుండా మూయండి. మన ఎండలు ఎంతటివో చెప్పనవసరం లేదు. నాలుగు నుంచి ఆరు వారాలు అలా ఉంచితే ఆ వేడికి చెడ్డ శిలీంద్రాలు, నులిపురుగులు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి.

మే నడుమ నీడా ఎండా కలిసి పడే చోట ఒక గుంత తీయండి. పొడవు ఒక మీటరు, వెడల్పు ఒక మీటరు, లోతు 30 సెంటీమీటర్లు. లోపల నల్ల పాలిథీన్ పట్టా పరచి, నీరు నిలవకుండా అడుగున నాలుగైదు చిల్లులు పెట్టండి. శుభ్రపడిన ఇసుక మట్టిని 20 సెంటీమీటర్ల ఎత్తుకు నింపండి. పై నుంచి రెండు మూడు వేళ్ళ లోతులో ఒక కిలో వ్యామ్ పొడిని పలుచటి పొరలా పరచి, మట్టి కప్పండి.

వ్యామ్ కొనలేకపోతే, ఏళ్ళుగా దున్నని గట్టు ఒకటి వెతకండి. గడ్డి, వెంపలి కలిసి దట్టంగా పెరిగిన చోటు కావాలి. పైన రెండు వేళ్ళ మందం గీకి పారేసి, దాని కింద జానెడు లోతు వరకు ఉన్న మట్టిని సన్నటి పిల్ల వేర్లతో సహా తీసుకోండి. వేర్లను అంగుళం ముక్కలుగా కోసి ఆ మట్టిలోనే కలపండి. రెండు మూడు కిలోలు చాలు. పొగాకు, వంగ, మిరప పొలాల గట్ల జోలికి వెళ్ళవద్దు, అక్కడి నుంచి నులిపురుగులు వెంట వస్తాయి. ఈ గట్టు మట్టిని ఎండకు శుభ్రం చేయకూడదు. చేస్తే మనకు కావాల్సినదే చచ్చిపోతుంది.

ఇప్పుడు గుంతలో జొన్న లేదా మొక్కజొన్న గింజలు దగ్గర దగ్గరగా వేయండి. ఇక్కడ ఒక హెచ్చరిక. దుకాణంలో దొరికే విత్తనం చాలావరకు రంగు పూసి ఉంటుంది. ఆ రంగుతో పాటు శిలీంద్రనాశిని కూడా పూస్తారు. మనం పెంచబోయేది శిలీంద్రాన్ని, కనుక ఇంట్లో దాచిన రంగు లేని గింజలే వాడండి. నాలుగు బొబ్బర గింజలు కూడా వేస్తే మంచిది.

గుంతకు ఎరువు పెట్టవద్దు. మరీ పాలిపోతే ఒకసారి పలుచటి వర్మీవాష్ (వానపాముల ఎరువు నుంచి దిగే నీరు) పోయండి, అంతకు మించి వద్దు. మొక్క కాస్త ఆకలిగా ఉన్నప్పుడే వేరు శిలీంద్రాన్ని రమ్మంటుంది. తడి కూడా అంతే. పదును ఆరకుండా చూసుకుంటే చాలు, నీరు నిలపవద్దు.

జులై మూడో వారానికి రెండు నెలలు దాటుతాయి. అప్పుడు నీరు పూర్తిగా ఆపేయండి. పది రోజుల్లో మొక్కలు వాడి ఎండుతాయి. మొక్క చనిపోతోందని తెలియగానే శిలీంద్రం తన విత్తనాల్లాంటి సిద్ధబీజాలను మట్టిలో వదులుతుంది. ఇక పైమొక్కలను కోసి పశువులకు వేసి, వేర్లను సన్నగా తరిగి గుంతలోని మట్టితో కలిపి, నీడన ఆరబెట్టి గోనె సంచుల్లో పోయండి. ఇదే మీ సొంత మైకోరైజా. ఎండ తగలని చోట, రసాయన ఎరువుల బస్తాలకు, పురుగుమందులకు దూరంగా ఉంచండి.

అదే వేసవిలో చేను ఖాళీగా పెట్టవద్దు. తొలకరికి ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లే పద్ధతి మన ప్రకృతి సేద్యం రైతులకు కొత్త కాదు. జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, మినుము, అలసంద, ఉలవ, జనుము, ఏవి దొరికితే అవి కలిపి ఎకరాకు 10 నుంచి 12 కిలోలు. పైరు పచ్చగా ఉన్నంతకాలం భూమిలో శిలీంద్రానికి ఇల్లు ఉంటుంది. నాటే ముందు దాన్ని కొడవలితో నేల మట్టానికి కోసి అక్కడే పరచండి, వేర్లు భూమిలోనే ఉండనివ్వండి. లోతు దుక్కి చేస్తే శిలీంద్రపు పోగుల వల తెగిపోతుంది. నాటే సాలు మాత్రం చీల్చుకోండి, చాలు.

జులై: ట్రైకోడెర్మాను ఎరువు మీద పెంచడం

బాగా చివికిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా విరిడి 2 కిలోలు. ఇది ఎకరాకు లెక్క. చివికిన ఎరువు అంటే చేతిలోకి తీసుకుంటే పేడ వాసన కాక తొలకరి మట్టి వాసన రావాలి. పచ్చి పేడ వేడెక్కుతుంది, ఆ వేడికి ట్రైకోడెర్మా చస్తుంది. పొట్లం మీద గడువు తేదీ చూసి కొనండి. ఎండలో వేలాడదీసిన పొట్లాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

వేపచెట్టు నీడలోనో కొట్టంలోనో నేల మీద మూడూ కలిపి, నీళ్ళు చిలకరిస్తూ తిరగేయండి. పదును ఎంత ఉండాలో చేతితో చూసుకోవచ్చు. గుప్పెడు తీసి పిడికిలి బిగించండి. ముద్ద కట్టాలి, కానీ వేళ్ళ సందున నీరు కారకూడదు. పిడికిలి తెరిచి బొటనవేలితో తడితే ముద్ద విరిగిపోవాలి. జానెడు ఎత్తున పరచి తడి గోనె సంచులు కప్పండి. రోజూ సాయంత్రం సంచుల మీద నీరు చల్లండి.

మూడో రోజుకు సంచి ఎత్తి చూస్తే తెల్లటి నూగు కనిపిస్తుంది. నాలుగైదు రోజులకు ఒకసారి కింది ఎరువు పైకి వచ్చేలా తిరగేయండి. వారం పది రోజుల్లో ఆ తెలుపు మీద పచ్చదనం ఎక్కుతుంది, పాచి పట్టిన రాయి రంగులా ఉంటుంది. అప్పుడే అది సిద్ధం. నల్లగా, గులాబీ రంగులో బూజు కనిపిస్తే, కుళ్ళు వాసన వస్తే ఆ భాగాన్ని తీసి దూరంగా పారేయండి. సిద్ధమైన ఎరువును పదును ఉన్న నేలలో, సాయంత్రం పూట వేయాలి. పొడి నేల మీద మిట్ట మధ్యాహ్నం చల్లితే పది రోజుల కష్టం పది నిమిషాల్లో పోతుంది.

ఎరువు ఎంత?

ఎకరాకు 4 టన్నుల చివికిన పశువుల ఎరువు సరిపోతుంది. అంతకు మించి వేస్తే ఆకు దట్టంగా పెరుగుతుంది, గడ్డ ఊరదు. మనకు కావాల్సింది గడ్డ. కోళ్ళ ఎరువు వద్దు. అందులో భాస్వరం ఎక్కువ, పైన చెప్పినట్టు శిలీంద్రానికి అది గిట్టదు.

జీవామృతం తయారీ మీకు తెలిసే ఉంటుంది. 200 లీటర్ల నీరు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడన 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో కలపాలి. వారంలోపు వాడేయాలి. ఒంగోలు ఆవు పేడే కావాలా అని కొందరు అడుగుతారు. మన ఊళ్ళో ఉన్న నాటు ఆవు ఏదైనా సరే. కాకపోతే ఆ పశువుకు ఆ మధ్య మందులు వేసి ఉంటే ఆ కొద్దిరోజుల పేడ వాడవద్దు.

జీవామృతాన్ని మొక్క మొదట్లో నేలకు ఇవ్వండి. తులసి, నేలవేము లాంటి ఆకు పంటల మీద పేడ నీళ్ళు పిచికారీ చేయడం నాకు అసలు నచ్చదు. ఆ ఆకును ఎవరో నమిలి మింగుతారు, కషాయం కాచుకుంటారు. ఔషధం కొనేవారు ఆకులో సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నాయో పరీక్ష చేయిస్తారు కూడా. కోతకు నెల ముందే నేలకు ఇవ్వడం కూడా ఆపేయండి. పచ్చి పేడ అయితే కోతకు ముందు నాలుగు నెలల్లో వేయనే వద్దు.

ఆగస్టు: నారుమడి

ఎకరాకు 2 కిలోల గింజలు చాలు. గింజలను నమ్మకమైన నర్సరీ నుంచో, పరిశోధన సంస్థల నుంచో తెచ్చుకోండి. పోషిత, జవహర్ అశ్వగంధ-20 పేరున్న రకాలు. నల్లమలకు వెళ్ళి అడవి మొక్కలు పీకి తేవడం మాత్రం వద్దు.

మీటరు వెడల్పు, జానెడు ఎత్తు మడులు కట్టండి. మడి తలాన వేలు లోతున మైకోరైజా పొర వేయాలి. కొన్న పొడి అయితే చదరపు మీటరుకు 100 గ్రాములు. గుంతలో పెంచినది ఇసుక కలిసి పలుచగా ఉంటుంది కనుక అరకిలో వేయండి. కొత్త వేరు దిగుతూ దిగుతూ ఆ పొరను తాకాలి, అందుకే అది గింజ కింద ఉండాలి. పైన చల్లితే సగం ప్రయోజనం పోతుంది.

గింజలకు కిలోకు 5 గ్రాముల ట్రైకోడెర్మాను కాస్త నీటితో పట్టించి, నీడన ఆరబెట్టి, ఇసుకతో కలిపి వరసల్లో పలుచగా వేయండి. సన్నటి చివికిన ఎరువు కప్పి, పైన వరిగడ్డి పరచి, చిల్లుల మూతి ఉన్న డబ్బాతో నీరు చల్లండి. వారం పది రోజుల్లో మొలుస్తుంది. మొలక కనిపించిన సాయంత్రమే గడ్డి తీసేయాలి.

ఇక్కడ నాకు జరిగిన నష్టం చెప్పాలి. ఒక ఏడాది వరసగా నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు ఉదయం చూస్తే మడి మధ్యలో అరచేయంత మేర నారు నేలకు వాలిపోయి ఉంది. మొదట్లో కాండం నీరు పట్టి, దారంలా సన్నబడి ఉంది. కంగారుగా ఒక దుకాణానికి వెళ్ళాను. అక్కడ రాగి మందు ఒక పొట్లం, ట్రైకోడెర్మా ఒక పొట్లం చేతిలో పెట్టి, రెండూ ఒకే ట్యాంకులో కలిపి పోయమన్నారు. అలాగే పోశాను. శిలీంద్రాలను చంపే మందుకు చెడ్డదీ మంచిదీ తేడా తెలియదు. ట్రైకోడెర్మా ట్యాంకులోనే చచ్చింది. మందు ప్రభావం తగ్గాక తెగులు మళ్ళీ లేచింది, అప్పుడు దాన్ని ఆపేది మట్టిలో ఏదీ లేదు. మడి మొత్తం పోయింది.

అలాంటి పరిస్థితి మీకు వస్తే ముందు నీరు ఆపండి. వాలిన నారును చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి దూరంగా పారేయండి. ఆ గుంతలో ట్రైకోడెర్మా పెరిగిన ఎరువు వేసి, మడికి గాలి, వెలుతురు తగిలేలా చూడండి. రసాయన మందు తప్పనిసరి అయితే, దానికీ శిలీంద్రపు ఎరువుకూ మధ్య 15 రోజుల ఎడం ఉండాలి.

సెప్టెంబరు: నాటు, ఆ తర్వాత వానలు

నెల వయసు దాటిన నారును సాయంత్రం పూట, వేర్ల చుట్టూ మడి మట్టి రాలకుండా తీయండి. ఆ మట్టిలోనే మీ శిలీంద్రం ఉంది. కొందరు నారు వేర్లను కడిగి నాటుతారు, అది చేయవద్దు. సాళ్ళ మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 30 సెంటీమీటర్లు ఉంచి, ప్రతి గుంతలో ట్రైకోడెర్మా ఎరువు కొద్దిగా వేసి నాటండి. బోదెల మీద నాటడం తప్పనిసరి. మిగతా రాష్ట్రానికి వానలు తగ్గే వేళ మన ప్రకాశం, నెల్లూరు వైపు అసలు వానలు మొదలవుతాయి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనం, వెనకే వాయుగుండాలు. ఒక్క రోజు నీరు నిలిచినా వేరుకు ఊపిరాడదు, శిలీంద్రానికీ అంతే. చేను వాలు చూసి ముందే కాలువలు తీసి పెట్టండి. తుపాను హెచ్చరిక వచ్చాక పార పట్టుకుంటే ఆలస్యమైనట్టే.

సాళ్ళ మధ్య ఒక వరస బొబ్బర్లో పెసరో వేస్తే నేల కప్పి ఉంటుంది, వేర్లు ఉంటాయి. మిగతా చోట వేరుశనగ పొట్టు, కంది పొట్టు, వరిగడ్డి, ఏది దొరికితే అది పరచండి. కలుపును తొలి రెండు నెలలు చేత్తో తీయండి. జీవామృతం నెలకు ఒకసారి ఎకరాకు 200 లీటర్లు పారే నీటితో ఇవ్వండి. వానల తర్వాత మొక్కకు నీరు పెద్దగా అక్కరలేదు. ఎక్కువ తడిపితే గడ్డ పీచుగా కొమ్మలు వేస్తుంది.

ఒక పని మాత్రం మరిచిపోకండి. రెండు సాళ్ళను మైకోరైజా లేని నారుతో నాటి, పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి. నారు కూడా విడి మడిలో పెంచాలి. శిలీంద్రం వేరులో చేరిందో లేదో కంటితో తెలియదు. ప్రయోగశాలలో వేరును క్షారంలో ఉడికించి, సిరా కలిపిన వెనిగర్‌లో ముంచి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. మామూలు రాత సిరాయే. మన చేలో మనకు ఆ రెండు సాళ్ళే పరీక్ష. గడ్డలు తూచినప్పుడు తేడా లేకపోతే, మీ నేలలో ఆ శిలీంద్రం ముందే ఉందన్నమాట, లేదా భాస్వరం ఎక్కువ ఉందన్నమాట. వచ్చే ఏడు ఆ పొట్లం కొననక్కరలేదు.

నేలవేము, తులసి

పొదలకూరు, రాపూరు వైపు నిమ్మతోటలు ఉన్నవారికి నేలవేము మంచి అంతర పంట. దానికి పలుచటి నీడ పడుతుంది. నిమ్మ వేర్లు కూడా మైకోరైజా మీద బాగా ఆధారపడతాయి కనుక నేలలో శిలీంద్రం ముందే ఉండే అవకాశం ఉంది. కానీ గజ్జి తెగులుకు రాగి మందు కొట్టే తోట అయితే ఈ ఆలోచన మానుకోండి. పైన కొట్టిన మందు కింద ఆకు మీదే పడుతుంది. నేలవేము కొత్త గింజలు సరిగా మొలవవు, నిరుటి గింజలు వాడండి. మే, జూన్‌లో నారు పోసి, నెలకు నాటి, మూడు నాలుగు నెలలకు పూత మొదలైనప్పుడు కోయాలి. చేదు సారం అప్పుడే ఎక్కువ.

తులసికి ఎరువు ఇంకాస్త ఎక్కువ వేసినా పరవాలేదు, మనకు కావాల్సింది ఆకే కదా. నిండు పూతలో, నేలకు జానెడు పైన కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. చెట్టు నిలిచే ఉంటుంది కనుక వేరూ శిలీంద్రమూ చెదరవు.

గడ్డ తవ్వడం

నాటిన అయిదారు నెలలకు ఆకు పసుపు పచ్చబడి, కాయలు ఎర్రబడతాయి. అంతకన్నా ముందే కొనేవారితో మాట్లాడి పెట్టుకోండి. గడ్డ తవ్వాక బేరానికి కూర్చుంటే వారు చెప్పిందే ధర అవుతుంది. చేను పొడిగా ఉంటే ముందు రోజు పలుచటి తడి ఇచ్చి తవ్వండి. కాండాన్ని గడ్డకు వేలెడు పైన కోసి, కడిగి, 7 నుంచి 10 సెంటీమీటర్ల ముక్కలు చేసి, శుభ్రమైన పట్టా మీద ఆరబెట్టండి. విరిస్తే టప్పుమని విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే. లావు ముక్కలు, సన్నవి, పీచు వేర్లు మూడు కుప్పలుగా వేరు చేస్తే లావు వాటికి మంచి ధర వస్తుంది.

తవ్విన చేలో ఇంకా కాస్త పదును మిగిలి ఉంటుంది. ఆ పదును ఆరకముందే సజ్జ, అలసంద చల్లేయండి. వచ్చే ఏడు ఆ చెక్కలో అశ్వగంధ వేయకండి, జొన్నకు వదలండి. తెగులు లేని సాళ్ళలో, మట్టిని బాగా పట్టుకొని వచ్చిన వేర్ల దగ్గర నుంచి రెండు గంపల మట్టిని పిల్ల వేర్లతో సహా తీసి నీడన ఆరబెట్టండి. మే నెలలో గుంత తీసినప్పుడు వ్యామ్ పొట్లానికి బదులు అదే పొరగా వేసి జొన్న చల్లండి. అందులో పెరిగినదాన్ని నేలవేము నారుమడికో, తులసి మడికో వాడుకోండి.